ఎండలో చూసి చెప్పమ్మా

మేచింగు బాబాయి పోయేడని ఫోను వచ్చినప్పుడు నేను చీడికాడలో బడికి బయల్దేరుతున్నాను. ఒంటిమీదున్న చీర మరీ పచ్చగా ఉంది, చావింటికి బాగుండదని మార్చుకుందామని బీరువా తీసేను. తీసి, అలా నిలబడిపోయేను. ఏ జాకెట్టు చేతికొచ్చినా ఆయన కత్తిరించి ఇచ్చిన గుడ్డే. వాటిల్లో సగం ఏ చీరకీ కలవవు. పోయినవాళ్ళ గుర్తుగా కొందరికి ఫొటో మిగులుతుంది, కొందరికి కళ్ళజోడు మిగులుతుంది. నాకు కలవని జాకెట్లు మిగిలేయి.

ఏదో ఒకటి తొడుక్కుని బస్సెక్కేను. చోడవరం చేరేసరికి జనాజా లేచిపోయింది. జన్మంతా రంగులు కత్తిరించిన మనిషిని తెల్లగుడ్డలో తీసుకుపోయేరు. ఆ గుడ్డకి మేచింగు అక్కర్లేదు.

ఆయనది చోడవరం మెయిన్ రోడ్డులో చిన్న కొట్టు. అప్పట్లో నా ఇల్లూ, బడీ ఆ ఊళ్ళోనే. జాకెట్టు గుడ్డలు, లంగాలు, చీరల ఫాల్సు. అనకాపల్లి నించి వచ్చి స్థిరపడిన ముస్లిం కుటుంబం. ఇంట్లో ఉర్దూ, కొట్లో మా యాస. అసలు పేరు బోర్డుమీద ఉండేది గాని దాన్ని తలెత్తి చదివిన ఆడమనిషిని నేను చూళ్ళేదు. చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ ఆయన మేచింగు బాబాయి, ఆయన భార్య పిన్ని, అంతే.

మెడలో తాడుకి కత్తెర వేలాడేది. చీర చేతికివ్వగానే అంచు బొటనవేలితో ఒకసారి రుద్ది, అరల్లోంచి రెండు మూడు గుడ్డ చుట్టలు లాగి చంకన పెట్టుకుని, కొట్టు దిగి రోడ్డుమీదికి నడిచేవాడు. చీర ఒక కొస ఆయన చేతిలో, రెండో కొస మన చేతిలో. నడిరోడ్డున ఎండలో గుడ్డనీ చీరనీ పక్కపక్కన పెట్టి చూపించేవాడు. గోవాడ ఫ్యాక్టరీకి చెరుకు తోలుకెళ్తున్న ట్రాక్టరు వెనకాల వచ్చి హారను కొడితే, "ఉండు బాబూ, రంగు సూస్తన్నాం" అనేవాడు తల తిప్పకుండానే. ట్రాక్టరు ఆగేది. అతనింట్లోనూ ఓ ఇల్లాలుంటుంది, ఆవిడకీ ఓ చీరుంటుంది.

"ట్యూబులైటు మాట నమ్మకమ్మా, అది కొట్లోవోళ్ళ మనిషి" అనేవాడు. తన కొట్లో ట్యూబులైటు గురించే ఆ మాట.

రంగులన్నిటికీ ఆయన దగ్గర ముద్దుపేర్లుండేవి. మెంతి, గంధం, ఉల్లిపొట్టు, వంగపువ్వు, నెమలికంఠం, రామా గ్రీను, రాణీ. నేను సైన్సు టీచర్ని. ఇంద్రధనుస్సులో రంగులన్నీ వరసగా పిల్లల చేత వల్లె వేయిస్తాను, చీరల కొట్లోకి వస్తే నాకు ఎరుపూ, ఎరుపు కానిదీ మాత్రమే తెలుస్తాయి. రాణీ రంగు కట్టుకుంటే రాణిలా ఉండను, రాణిగారి పాత చీర కట్టుకున్న వంటమనిషిలా ఉంటానని ఒకసారి అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. నేను చిన్నప్పట్నించీ తప్పు రంగుల్లో పెరిగేనట, మనిషిలో లోపం లేదట. నన్ను గురించి అంత మర్యాదగా ఇంకెవరూ అబద్ధమాడలేదు.

ఒంట్లో చక్కెర ఆయనకి చాలాకాలం నించీ ఉంది. "గోవాడలో క్రషింగు సీజనుకే, నా వొంట్లో ఏడాది పొడుగూ" అని మమ్మల్ని నవ్వించేవాడు. ఆ చక్కెర కళ్ళ వెనకాలకి చేరింది. ముందు నీలానికీ ఆకుపచ్చకీ తేడా పోయింది, తర్వాత లేత రంగులన్నీ ఒకటైపోయేయి. విశాఖపట్నంలో కళ్ళాసుపత్రివాళ్ళు ఉన్న చూపు నిలబెడతాం గాని పోయింది తేలేం అన్నారట. బయట మాత్రం "కంటికి కొంచెం పొర" అని చెప్పుకునేవాడు. రంగు చూసి చెప్పడమే ఆయన బతుకు. ఆడవాళ్ళు నమ్మకంగా చీర కొస చేతికివ్వడమే ఆయన పరువు. ఆ రెండూ పోతున్నాయని ఆయనకి తెలుసు, మాకూ తెలిసింది.

మాకు చెప్పింది మా జాకెట్లు. కె.కోటపాడు నించి వచ్చినావిడ ఒకరు చిలకపచ్చ చీరకి ఆయన ఇచ్చిన నీలం గుడ్డ ఇంటికి తీసుకెళ్ళి చూసుకుందట. తిరిగి ఇవ్వడానికి రాలేదు. కుట్టించుకుని తొడుక్కుని ఆ కొట్టు ముందునించే నడిచి వెళ్ళింది. ఆమె మొదలెట్టిందని కాదు గాని, మేమెవరం మాట్లాడుకోకుండానే అందరం అదే పని చేసేము. ఆయన గుడ్డ తెచ్చి ఎండలో పెట్టి, "సూడమ్మా, అతికినట్టు లేదూ" అంటే, అతికినట్టే ఉంది బాబాయ్ అనేవాళ్ళం. ఆ యేడు మా ఊళ్ళో పెళ్ళిళ్ళలో చీరకీ జాకెట్టుకీ మాటల్లేవు. ఎవరైనా వింతగా చూస్తే "కాంట్రాస్టు" అనేవాళ్ళం. మా హెడ్మాస్టరుగారు ఓరోజు నా మెంతిరంగు చీరనీ వంకాయరంగు జాకెట్టునీ చూసి, ఏం అడగాలో తెలియక, ఆరోగ్యం ఎలా ఉందమ్మా అని అడిగేరు.

అలాంటి రోజుల్లోనే ఆయన నన్ను ఆపి, నువ్వు సైన్సు కదా, నీకు చేపల సంగతి తెలుసేటి అన్నాడు. నాకూ చేపకీ పరిచయం రెండు చోట్ల. నల్లబల్లమీద బొమ్మ గీసి భాగాలు గుర్తించేటప్పుడు ఒకటి, పులుసులో ఇంకోటి. ఆ మాటే చెప్పేను. ఆయన నవ్వలేదు. ఆస్పత్రి హాల్లో గాజు తొట్టెలో చేపలున్నాయట. గోడలూ, బల్లలూ, నర్సుల బట్టలూ అన్నీ ఒకే మట్టిరంగులో కనిపిస్తుంటే, ఆ తొట్టెలో ఒకటి అటునించి ఇటు వెళ్ళిందట.

"పసుపమ్మా. నిజం పసుపు. దాని ఎనకాల నీలం" అన్నాడు. "ఆఫ్రికా చేపలంట. కొట్లో పెట్టుకుంటే రోజూ పొద్దున్నే సూసుకోవచ్చు."

ఏం చూసుకోవచ్చో ఆయన చెప్పలేదు. ఇవాళ తన కళ్ళలో ఇంకా ఎంతుందో చూసుకోవచ్చని నాకు అర్థమైంది. ఫోనులో వెతికితే వాటిని ఆఫ్రికన్ సిక్లిడ్లు అంటారని తెలిసింది. సిక్‌తో మొదలయ్యే మాట సిక్ లీవు తప్ప నాకు ఇంకోటి తెలీదు. అది పెట్టకుండా ఓ ఆదివారం ఇద్దరం అనకాపల్లి వెళ్ళేం.

చేపల షాపు నడిపేది నా వయసావిడే. గోడల నిండా తొట్టెలు, పైన నీలం లైట్లు. ఆఫ్రికాలో పెద్ద పెద్ద మంచినీళ్ళ సరస్సులుంటాయని, వీటి తాతముత్తాతలది ఆ నీళ్ళేనని, సముద్రం చేపల రంగులు మంచినీళ్ళలో కావాలంటే ఇవే దిక్కని చెప్పింది. కాంతులీనేవన్నీ చాలామటుకు మగవి, ఆ పక్కన బూడిదరంగులో తిరిగేవి ఆడవి అంది.

"అయితే ఆ దేశంలో చీరలన్నీ మగోళ్ళే కట్టేసుకున్నారన్నమాట" అన్నాడు బాబాయి. ఆవిడ నవ్వి ఆయనకి స్టూలు వేసింది.

ఆయన కూర్చోలేదు. మొహం అద్దానికి ఆనించి ఒక్కో తొట్టె దగ్గరా చాలాసేపు నిలబడ్డాడు. చేపల్ని ఎంచుతున్నట్టు లేదు, అరల్లోంచి గుడ్డ లాగుతున్నట్టే ఉంది. ఈ నిమ్మపండు రంగు ఉండాలి, దీని పక్కన ఆ నీలం తేలి కనిపిస్తుంది, ఆ నారింజ ఒకటి చాలు, రెండైతే కళ్ళు లాగుతాయి. ఒకే పోలిక నీలాలు రెండు మాత్రం వద్దన్నాడు, ఒకదాన్నొకటి చంపేస్తాయట. ఆయన చెప్పింది రంగుల గురించి. ఆవిడ, అవునండీ, ఒకే రంగు మగవి రెండుంటే నిజంగానే చంపుకుంటాయి అంది. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు మెచ్చుకోలుగా చూసుకున్నారు. ఇంకో సంగతి కూడా చెప్పింది ఆవిడ. తొట్టెలో పెత్తనం చేసేదానికే రంగు బాగా విచ్చుకుంటుందట. దెబ్బలు తిని మూల నక్కినదానికి రంగు దిగిపోతుందట. బాబాయి ఆ మాట విని తలూపేడు.

ఎంచడం అయిపోయింది. ఆవిడ నీలపుదాన్ని వలతో పట్టి, నీళ్ళు పోసిన కవర్లో వేసి మూతి కట్టింది. బాబాయి కవరు అందుకుని తిన్నగా వీధి గుమ్మం వైపు నడిచేడు. ఎక్కడికండీ అంటే, "ఎండలో సూడాలి కదమ్మా" అన్నాడు. వద్దండీ, బెదిరిపోతుంది అని ఆవిడ అంటూనే ఉంది. లైటు మాట నమ్మని మనిషి. జీవితమంతా అలాగే నడిచి వెళ్ళేడు, ఇప్పుడు ఎవరాపుతారు. నేనూ వెనకాలే వెళ్ళేను.

రోడ్డుమీద నిలబడి కవరు ఎత్తి పట్టుకున్నాడు. ఎండ నీళ్ళలోంచి ఆయన మొహం మీద పడుతోంది. లోపల చేప అడుక్కి నక్కి రెక్కలు ముడుచుకుంది. ఒంటిమీద నీలమంతా ఏమైపోయిందో, తడి బూడిద ముద్దలా ఉంది. ఆయన కవరు తిప్పేడు. కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నాడు. ఎడం కన్ను మూసి చూసేడు, కుడి కన్ను మూసి చూసేడు.

"టీచరమ్మా, ఇది ఏ రంగు?" అన్నాడు.

"బూడిదరంగు బాబాయ్. నిజంగానే. భయపడి రంగు వదిలేసింది. నీ కంటికి ఏం కాలేదు."

ఆయన నాకేసి చూడలేదు.

"నువ్వూ అలాగే సెప్తావు కదమ్మా. మీరందరూ అలాగే సెప్తారు."

ఆయన కోపంగా అనలేదు. చీర అంచు రుద్ది చూసినట్టు, నెమ్మదిగా, ఒక్కో మాటా తడుముకుంటూ చెప్పేడు. ఏ మేచింగు కొట్టుకైనా రోజూ ముక్కలు వెనక్కొస్తాయట. కలవలేదనీ, అత్తగారికి నచ్చలేదనీ, ఆడపడుచు ఒకలా అందనీ. అది కొట్టుకి ఆరోగ్యం.

"నా కొట్టుకి ఒక్క ముక్కా వెనక్కి రాడం నేదు. నేను అంత గొప్పోణ్ణయిపోయేనేటమ్మా?"

మేమంతా దయతో ఒక్కో అబద్ధం ఆడుకుంటూ వచ్చేం. అవన్నీ పోగై, ఆ మధ్యాహ్నం నేను చెప్పిన ఒకే ఒక్క నిజానికి అడ్డంగా నిలబడ్డాయి. ఒట్టు పెట్టినా నమ్మడు. ఎందుకు నమ్మాలి?

పక్కన బండి ఆపి హెల్మెట్టు తీస్తున్న ఓ పెద్దమనిషి ముందుకి కవరు చాపేడు బాబాయి. బాబూ, ఈ చేప ఏ రంగో సెప్పు అన్నాడు. ఆ పెద్దమనిషి వంగి చూసి మొహం చిట్లించేడు. "రంగేటండి, మురిక్కాలవలో దానిలాగుంది. దీన్ని కొన్నారా?" అని అడిగేడు.

బాబాయి నవ్వేడు. చేపల షాపుకెదురుగా ఉన్న అరుగుమీద కూలబడి, కవరు ఒళ్ళో పెట్టుకుని, కళ్ళలో నీళ్ళు కారుతుంటే తుడుచుకోకుండా నవ్వేడు. తన సరుకుని ఎవరో తిట్టినందుకు అంత సంతోషించిన వ్యాపారిని నేను మళ్ళీ చూడలేదు. తర్వాత నా చెయ్యి పట్టుకున్నాడు. "ఇకమీద నువ్వు మాత్రం ఎండలో సూసి సెప్పమ్మా. కలవకపోతే కలవనేదని సెప్పు. ఒక్కరైనా ఉండాల నాకు" అన్నాడు. సరేనన్నాను.

తొట్టె కొట్లో, గల్లాపెట్టె పక్కన పెట్టించేడు. రాళ్ళు పేర్చి గుహలు కట్టించేడు. కొన్నాళ్ళు మూలల్లో దాక్కున్న చేపలు తర్వాత బయటికొచ్చేయి, రంగులు విప్పుకున్నాయి. పొద్దున్నే షట్టరు ఎత్తగానే ఆయన ముందు వాటి దగ్గరికే వెళ్ళేవాడట. సాయంత్రం బడినించి వస్తూ నేను ఆగేదాన్ని. ఏది ఎక్కడుందో ఆయన చెప్పేవాడు, నేను అవుననో కాదనో అనేదాన్ని. గుడ్డల సంగతీ అంతే. పక్కన చీర పట్టుకుని ఎవరున్నా సరే, కలవలేదు బాబాయ్ అనేసేదాన్ని. ఆడవాళ్ళు నన్ను చూసి మొహాలు తిప్పుకున్నారు. టీచరమ్మకి సైన్సే గాని మనసు లేదని ఒకావిడ నాకు వినపడేలాగే అంది. ఆయన మాత్రం వాళ్ళని బతిమాలి కలవని ముక్కలు వెనక్కి తెప్పించుకునేవాడు. వచ్చిన ముక్క మడత పెడుతూ, "సూసేవా, ఎనక్కొచ్చింది" అని నాకు చూపించేవాడు, బడిలో బహుమతి చూపించినట్టు.

చేపలకి ఆయన చెయ్యి తెలుసు. అద్దం దగ్గరికి వేలు వస్తే చాలు, అన్నీ మూతులు ఆడించుకుంటూ ఎగబడేవి. ఓ సాయంత్రం మేత వేస్తూ వేలు అద్దానికి ఆనించి నిలబడి, "నారింజది ఏదీ, ఇవాళ రానేదేటి" అన్నాడు. అది ఆయన వేలి కొసకి ఎదురుగానే ఉంది. అద్దం లేకపోతే వేలు కొరికేది. ఎండ నేరుగా తొట్టెమీద పడుతోంది.

నేను వెంటనే చెప్పలేదు. ఆయన కనిపెట్టేడు. "సెప్పమ్మా" అన్నాడు.

"నీ వేలి దగ్గరే ఉంది బాబాయ్."

ఆయన వేలు తియ్యలేదు. రెండో చేత్తో మెడలో తాడు పైకి తీసి, కత్తెర గల్లాపెట్టె మీద పెట్టేడు. తర్వాత ఎప్పటిలా నా బడి సంగతులు అడిగేడు. కొన్నాళ్ళకే కొట్టు ఇంకొకరికి అప్పజెప్పేడు. తొట్టె ఇంటికి చేరింది.

నాకు చీడికాడ బదిలీ అయింది. అక్కడే ఇల్లు తీసుకున్నాను. మొదట్లో ఆదివారాలు వెళ్ళి చూసొచ్చేదాన్ని. తర్వాత ఆయనకి మూత్రపిండాలు కూడా పాడయ్యేయని తెలిసి, ఫోను చేసి వస్తానంటే, ఇవాళ నీరసంగా ఉన్నారమ్మా, పడుకున్నారమ్మా, డాక్టరు ఎవర్నీ మాట్లాడించొద్దన్నారమ్మా అని పిన్ని ప్రతిసారీ ఆపేది. నమ్మేను. ఆపినా ఆగకుండా వెళ్ళి ఉండాల్సిందని ఇప్పుడు అనుకోవడం తేలిక.

జనాజా రోజున ఇంటినిండా జనం. పిన్నితో మాట్లాడ్డానికి కుదర్లేదు. కొన్నాళ్ళు ఆగి మళ్ళీ వెళ్ళేను. పిన్ని లోపలి గదిలో చాపమీద కూర్చునుంది. గోడవారగా తొట్టె. మోటారు ఆడుతోంది, బుడగలు లేస్తున్నాయి. నీళ్ళున్నాయి, రాళ్ళున్నాయి, గుహలున్నాయి. చేప ఒక్కటి లేదు.

నేను అటు చూడ్డం చూసి, పిన్నే చెప్పింది. ఆయన మేత ఎక్కువ వేసేసేవాడట. ఎంత పడిందో కనపడదు. నీళ్ళలో మూతుల చప్పుడు వినిపిస్తే, ఆకలేస్తోందని ఇంకా వేసేవాడట. నీళ్ళు విరిగిపోయి ఒక్కోటీ పోయేయట. ఆయన నిద్రపోతున్నప్పుడు తీసి పెరట్లో పాతిపెట్టేదట. మోటారు మాత్రం ఆపలేదు, చప్పుడు ఆగితే తెలిసిపోతుందని. ఎలా ఉన్నాయే అని అడిగితే అన్నీ ఉన్నాయని చెప్పేదట.

"నా మాట నమ్మేవోరు కాదమ్మా. టీచరమ్మని పిలు, ఆవిడ సూసి సెప్పాల అనేవోరు. రోజూ అదే మాట. నువ్వొస్తే ఉన్నది ఉన్నట్టు సెప్పేస్తావు కదా. అందుకని నిన్ను రానియ్యలేదు."

చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది.

"ఆఖర్న అడిగేరు. టీచరమ్మకి నా మీద కోపమొచ్చిందేటే, రాడం మానేసింది అని. నేదండీ, బదిలీ అయింది కదా అన్నాను. గుమ్మం వైపే మొహం పెట్టుకుని పడుకున్నారు." తలెత్తి నా మొహంలోకి చూసింది. "నేను తప్పు చేసేనేటమ్మా?"

తప్పే పిన్నీ అన్న మాట నా గొంతు దాకా వచ్చింది. గుమ్మం వైపు తిరిగి ఉన్న ఆ మొహం నాకు కనిపిస్తూనే ఉంది, కోపమొచ్చిందేటి అన్న గొంతు వినిపిస్తూనే ఉంది. నేను వచ్చి ఉంటే ఏం చెప్పేదాన్నో, చెప్పి ఆయన్ని ఏం చేసేదాన్నో నాకు తెలీదు. కాని వచ్చి ఉండేదాన్ని. ఆయన చెయ్యి పట్టుకుని ఉండేదాన్ని.

"లేదు పిన్నీ" అన్నాను. "నువ్వు చేసిందే మంచిది."

ఆవిడ వేలికి చుట్టుకున్న కొంగు విప్పేసింది.

"నువ్వు సెప్పేవంటే నిజమేలే అమ్మా" అంది. అని, గోడకి జారబడి కళ్ళు మూసుకుంది.